ఎలాగూ ఇంజిన్ దించాం కదా!

పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ ఒక్కసారి నేలకి దిగిందంటే, చేయించదగ్గ పనులు చాంతాడంత కనిపిస్తాయి. వాటిలో ఏవి ఇప్పుడు, ఏవి తర్వాత, ఏవి అసలు వద్దు? పోర్షే 911 షెడ్డులోంచి ఒక కథనం.

పోర్షే 911లో ఇంజిన్‌నీ గేర్‌బాక్సునీ బండికి పట్టి ఉంచేవి నాలుగే నాలుగు పెద్ద బోల్టులు. వెనక రెండు, ముందు రెండు. తీగలూ గొట్టాలూ విప్పేసి ఆ నాలుగూ ఊడదీస్తే, ఆరు సిలిండర్ల ఇంజిన్ గేర్‌బాక్సుతో సహా నిలువునా కిందికి దిగుతుంది. బానెట్ తీసి, చైన్ బ్లాక్ తగిలించి, ఇంజిన్‌ని పైకి లాగడం చూసిన మనవాళ్లకి ఇది తలకిందుల వ్యవహారం. ఇక్కడ ఇంజిన్ జాకీ మీద కిందికి వస్తుంది, బండి పైకి లేస్తుంది, మధ్యలో చాలినంత సందు దొరికాక ఇంజిన్‌ని వెనక నుంచి లాగేస్తారు. చేయి తిరిగినవాళ్లు ఇద్దరుంటే ఒక్క రోజులో తెమిలిపోయే పని.

తెమలనిది ఆ తర్వాతి సంగతి. ఏళ్ల తరబడి ఎవరి కంటా పడని మూలలన్నీ ఒక్కసారిగా వెలుతుర్లోకి వస్తాయి. ఒకచోట నూనె చెమ్మ, ఒకచోట నెర్రెలిచ్చిన రబ్బరు గొట్టం, ఇంకోచోట తుప్పు తిన్న రేకు. క్లచ్ ప్లేటు మార్చి వారంలో ఎక్కించేద్దామని దించిన ఇంజిన్ పక్కన నిలబడి ఎవరో ఒకరు అననే అంటారు: "ఎలాగూ ఇంజిన్ దించాం కదా..."

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఓనరుకైనా, కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకైనా ఆ మాట ఒకేలా తగులుతుంది. అందులో అబద్ధం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. నాలుగు డాలర్ల రబ్బరు సీలు మార్చడానికి రేపు మళ్లీ ఇంజిన్ దించాలంటే కూలే వందల డాలర్లు. కాబట్టి ఇవాళే మార్చడం తెలివి. కానీ అదే లెక్క ప్రతి భాగానికీ వేసుకుంటూ పోతే ఆగేదెక్కడ? ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చుకుని, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చుకుని, ఆవుని చూసుకోవడానికి చివరికి సంసారమే పెట్టుకున్న సన్యాసి కథ పాత కార్ల షెడ్లలో నిత్యం జరుగుతుంది. క్లచ్ కోసం దించారు. సైలెన్సర్ విప్పుతుంటే స్టడ్డు విరిగింది. దాన్ని తీయడానికి హెడ్ విప్పారు. హెడ్ విప్పాం కదా అని వాల్వ్ గైడ్లు కొలిచారు. గైడ్లు మారుస్తున్నాం కదా అని పిస్టన్ల వైపు చూశారు. ఏడాది తిరిగేసరికి ఇంజిన్ అట్టపెట్టెల్లో, బండి టార్పాలిన్ కింద.

అమ్మకానికి వచ్చే పాత స్పోర్ట్స్ కార్లలో ఇలా విప్పి వదిలేసినవాటికి కొదవ లేదు. వాటిని ముంచింది చేతకానితనం అనుకోను. ఎక్కడ ఆగాలో ఎవరూ ముందుగా అనుకోకపోవడం.

చావాల్సిన బండి చావలేదు

911 మీదే ఇంత చెప్పడానికి కారణం ఉంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అనే పేరుతో కనిపించిన కారు ఇది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్సుకు చెందిన ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. ఎదురెదురుగా పడుకోబెట్టిన ఆరు సిలిండర్లు, నీళ్లు లేకుండా గాలితోనూ నూనెతోనూ చల్లబడే ఇంజిన్. దాని రూపకల్పనలో హాన్స్ మెజ్‌గర్‌ది పెద్ద చేయి. గాలితో చల్లబడే ఆ వంశం 1998 దాకా సాగింది.

మధ్యలో ఒకసారి ఆగిపోవలసింది. 1977లో ముందువైపు ఇంజిన్‌తో 928 వచ్చినప్పుడు, 911 రోజులు చెల్లాయని కంపెనీ పెద్దలే నిశ్చయించుకున్నారు. 1981లో పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్జ్, ఇంజినీరింగ్ అధిపతి హెల్ముట్ బాట్ గదిలో గోడ మీదున్న ఉత్పత్తి ప్రణాళిక పటం చూశాడు. 911 గీత ఆ ఏడాదితో ఆగిపోయి ఉంది. మార్కర్ తీసుకుని ఆ గీతని పటం దాటించి గోడ మీద కూడా లాగేశాడని ఆ సంస్థ చరిత్రలో తరచూ చెప్పుకునే ముచ్చట. అప్పుడు అమ్ముడవుతున్న మోడల్ పేరు 911 ఎస్‌సీ. 1978 నుంచి 1983 దాకా వచ్చింది. 2,994 సీసీ ఇంజిన్, బాష్ కంపెనీ కె-జెట్రానిక్ ఇంధన వ్యవస్థ. చాలాకాలం 911లలో చవకగా దొరికింది ఇదే కాబట్టి, సొంత గ్యారేజీలో పానా పట్టిన ఉద్యోగస్తుల చేతుల్లోకి ఎక్కువగా చేరింది కూడా ఇదే.

ఇంజిన్ వెనక చక్రాల ఇరుసుకి ఇంకా వెనకాల వేలాడుతూ ఉంటుంది. మూత ఎత్తితే కనిపించేది పెద్ద ఫ్యాను, దాని నడుమ ఆల్టర్నేటర్, పక్కన గాలి డబ్బా. అసలు ఇంజిన్ వాటి అడుగున దాక్కుంటుంది. క్లచ్ ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య. ప్లేటు అరిగితే దించాల్సిందే. ఈ బాధ 911 ఒక్కదానిదే కాదు. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైప్‌లో క్లచ్ మార్చాలన్నా ఇంజిన్ బయటికి రావాలి. ఫెరారీ ఎఫ్355లో మామూలు టైమింగ్ బెల్టు మార్చడానికే ఇంజిన్ దించాలి. యజమానుల మొర ఎవరో విన్నట్టు, 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక చిన్న తలుపు పెట్టి ఆ తిప్పలు తప్పించారు.

దించకముందే తేల్చుకోవలసినవి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే ఒక మిత్రుడిది 1982 మోడల్ ఎస్‌సీ. తెనాలి మనిషి, చిప్‌ల డిజైన్‌లో ఉద్యోగం. క్లచ్ జారుతోంది, హీటర్ వేస్తే లోపల కాలిన నూనె వాసన. ఈ కారులో హీటరంటే సైలెన్సర్ గొట్టాల చుట్టూ తొడిగిన రేకు గదుల్లోంచి వచ్చే వేడి గాలే. నూనె చుక్క ఆ గొట్టం మీద పడితే వాసన నేరుగా ముక్కుకి చేరుతుంది. క్లచ్ మార్చి, కారుడు ఆపి, ఎక్కించేద్దామన్నది మొదటి ఆలోచన. అయితే ఒక్క బోల్టు విప్పకముందు అతను చేసిన పనులే ఈ కథలో చూడదగ్గవి.

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే చెప్పగలిగే సంగతులు కొన్నుంటాయి. నేల మీద పెట్టాక ఎంత అడిగినా చెప్పదు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడుతోందా, కరకరమంటోందా? స్టార్ట్ చేయగానే నీలం పొగ ఎంతసేపు వస్తోంది? వేడెక్కాక నూనె ఒత్తిడి ముల్లు ఎక్కడ నిలుస్తోంది? ఇవన్నీ ముందే రాసిపెట్టుకోవాలి. రెండో గేరు సాఫీగా పడుతుంటే, 'ఎలాగూ దించాం కదా' అని ఆ 915 గేర్‌బాక్సుని విప్పించడం దండగ. కరకరమంటుంటే అది వేరే బడ్జెట్, ముందే వేసుకోవాలి.

నూనె కారుడు సంగతీ అంతే. చుక్క పడేది ఇంజిన్ అడుగున. పుట్టేది ఎక్కడో పైన. ఇంజిన్‌ని శుభ్రంగా కడిగి, కొన్నాళ్లు నడిపి, టార్చి వేసి చూస్తే జాడ తెలుస్తుంది. కడగకుండా దించితే అంతా నల్లటి మడ్డే, ఏ సీలుదో తప్పు చెప్పలేం, అన్నీ మార్చాల్సి వస్తుంది.

తర్వాత లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్ పైకి వచ్చినచోట ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్‌లోకి గాలి పంపి, ఎంత శాతం జారిపోతోందో గేజీలో చూస్తారు. 10 శాతం లోపుంటే దిగుల్లేదు. ఎక్కువుంటే చెవి పెట్టి వినాలి. బుస్సుమనే చప్పుడు పొగగొట్టంలోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి వచ్చే దారిలోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, నూనె పోసే మూతలోంచి వస్తే రింగులు. మిత్రుడి బండిలో ఆరు సిలిండర్లూ పాసయ్యాయి. చాలామంది అక్కడే ఊపిరి పీల్చుకుని ఆపేస్తారు.

అతను ఆపలేదు. బండిని స్టాండ్ల మీద ఎత్తి, కింది వాల్వ్ కవర్లు రెండూ విప్పాడు. ఎడమ పక్క శుభ్రం. కుడి పక్క కవర్ తీసి బోర్లిస్తే పళ్లెంలోకి నూనెతో పాటు టంగుమని ఒక నట్టు పడింది. నట్టులో ఇరుక్కుని అంగుళం పొడవు స్టడ్డు ముక్క. విరిగినచోట సగం నల్లగా, సగం మెరుస్తూ ఉంది. నల్లటి భాగం ఎప్పుడో చీలింది, మెరిసేది ఈ మధ్య తెగింది.

ఈ స్టడ్డుల కథ తెలియకుండా ఎస్‌సీ ఇంజిన్ దించకూడదు. సిలిండర్‌ని, హెడ్‌ని క్రాంక్‌కేస్‌కి బిగించి పట్టేవి సిలిండర్‌కి నాలుగు చొప్పున 24 పొడవాటి స్టడ్డులు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. ఆ సాగుడుకి తగ్గట్టు తానూ సాగే డిలావర్ అనే మిశ్రమలోహంతో కింది వరస 12 స్టడ్డులు చేశారు. కాగితం మీద చక్కటి ఆలోచన. రోడ్డు మీద నీళ్లు, ఉప్పు, తేమ తగిలి ఆ లోహం మీద సన్నటి గుంటలు పడతాయి, గుంట చీలికవుతుంది, ఏదో ఒక రోజు పుటుక్కుమంటుంది. తమాషా ఏమిటంటే ఒక స్టడ్డు తెగినా బండి చాన్నాళ్లు నడుస్తుంది. మిగతా మూడూ మోస్తాయి. లీక్‌డౌన్‌లోనూ దొరక్కపోవచ్చు. కళ్లతో చూడాల్సిందే.

దాంతో క్లచ్ పని కాస్తా హాఫ్ ఇంజిన్ పనయింది. హెడ్లు, సిలిండర్లు బయటికి రావాలి. అయినా తేడా గమనించండి: ఈ నిర్ణయం ఇంజిన్ ఇంకా బండిలో ఉండగానే జరిగింది. గ్యాస్కెట్ల సెట్టు, ఉక్కు స్టడ్డులు తెప్పించుకోవడానికి, హెడ్ల పనికి మెషిన్ షాపులో వరస పట్టుకోవడానికి వ్యవధి దొరికింది. దించాక ఈ నట్టు పడి ఉంటే ఇంజిన్ నెలల తరబడి గ్యారేజీ మధ్యలో అడ్డంగా కూర్చునేది.

బావ, బావమరిది, ఒక తెల్లబోర్డు

గ్యారేజీ గోడకి తెల్లబోర్డు తగిలించి రెండు గళ్లు గీశాడు మిత్రుడు. ఇంజిన్ దించితేనే అందేవి ఒకవైపు, బండిలో ఉండగానే చేసుకోగలిగేవి రెండోవైపు. రెండో గడిలో పడిన ప్రతిదీ ఈసారికి నిషేధం. షాక్ అబ్జార్బర్లు, బ్రేకులు, ఏసీ, సీట్ల తోలు అన్నీ అటే పోయాయి. చూడ్డానికి మామూలు ఉపాయమే. అమలు చేయడమే గట్టి పని. బావమరిది శని, ఆదివారాల్లో సాయానికి వస్తాడు, వచ్చినప్పుడల్లా మొదటి గడి పొడుగవుతుంది.

"బావా, సిలిండర్లు ఎలాగూ తీస్తున్నాం. 98 మిల్లీమీటర్ల పిస్టన్లు వేసేస్తే 3.2 లీటర్లవుతుంది. తిరుగు ఉండదు."

"ఒరేయ్, వేశాక స్మాగ్ టెస్టుకి నువ్వు తీసుకెళ్తావా?"

"క్యామ్‌లు కూడా మారిస్తే..."

"ముందు ఆ జిప్‌లాక్ కవర్ మీద పేరు రాయి."

బావమరిది లెక్క తప్పు కాదు. 95 మి.మీ. బోరుని 98కి పెంచితే ఎస్‌సీ ఇంజిన్ దాదాపు 3,186 సీసీ అవుతుంది, ఇది పోర్షేవాళ్ల లోకంలో బాగా నలిగిన దారే. బావ ప్రశ్న ఇంకా గట్టిది. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకి పొగ పరీక్ష మినహాయింపు ఉంది. 1976 నుంచి వచ్చినవాటికి రెండేళ్లకోసారి తప్పదు. పొగని కొలవడంతో ఊరుకోరు, మూత ఎత్తి అసలు సామాన్లు ఉన్నాయా లేదా అని కూడా చూస్తారు. కె-జెట్రానిక్ పీకేసి కార్బురేటర్లు పెట్టినవాడూ, క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి పాతకాలపు ఎగ్జాస్ట్ తగిలించినవాడూ రెండేళ్లకోసారి మళ్లీ గ్యారేజీలో పడుకుని అసలువి ఎక్కించుకోవాలి.

ఊరిని బట్టి ఈ అడ్డుకట్ట మారుతుంది. జర్మనీలో ముప్పై ఏళ్లు దాటిన కారుకి నంబరు చివర 'హెచ్' వస్తుంది, చారిత్రక వాహనమని గుర్తింపు. ఆ కాలానికి తగని మార్పులు చేస్తే అది దక్కదు. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలదీ అదే ధోరణి. యాభై ఏళ్లు దాటిన కారుకో బైకుకో 'వీఏ' అక్షరాలున్న నంబరు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. హైదరాబాదులో తాతగారి ఫియట్‌ని బాగు చేయించుకుంటున్నవాళ్లు ఇంజిన్ దించేముందు ఈ వాక్యం ఒకసారి చదువుకుంటే మంచిది.

చట్టం సంగతి పక్కన పెట్టినా, బలం పెంచే పనుల్ని మరమ్మతులతో కలపడం నాకు నచ్చదు. నలభై ఏళ్ల తీగలు, కొత్త పిస్టన్లు, మార్చిన క్యామ్‌లు, సర్దిన ఇంధన వ్యవస్థ, అన్నీ ఒకేసారి. అప్పుడు బండి సరిగా నడవకపోతే వేలు ఎటు చూపిస్తారు? ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసి, నడిపి, నమ్మకం కుదిరాక మార్పుల జోలికి వెళ్తే తప్పు ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. డబ్బుకి వెనకాడనివాళ్లకి రెండోసారి దించే ఖర్చు పెద్ద లెక్క కాదు. డబ్బు చూసుకునేవాళ్లకి ఈ పద్ధతే క్షేమం.

దిగిన రోజు

ముందు బ్యాటరీ తీగ. తర్వాత నూనె. ఈ బండిలో పది లీటర్లకు పైగా ఉంటుంది, కుడి వెనక చక్రం దగ్గరున్న ట్యాంకులో ఒక వాటా, ఇంజిన్‌లో ఒక వాటా. పెట్రోలు గొట్టాలు విప్పేముందు అమెరికా ఇళ్లలో ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది: గ్యారేజీ మూలన నీళ్ల హీటరు. అందులో చిన్న గ్యాస్ జ్వాల వెలుగుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరి నేల వెంబడి పాకుతుంది. ఆ జ్వాల ఆర్పాకే గొట్టం విప్పాలి.

సీట్ల వెనక చిన్న మూత తీసి గేరు కడ్డీ జోడు విప్పారు. ఇరుసులు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కడ్డీ, స్టార్టర్ తీగ, హీటర్ గొట్టాలు, నూనె గొట్టాలు. జాకీ తల మీద చెక్క పెట్టి ఇంజిన్ కింద ఆనించి, నాలుగు బోల్టులూ తీశారు.

అక్కడి నుంచి రెండేసి అంగుళాలు. జాకీ దించడం, ఆగడం, టార్చి వేసి చుట్టూ చూడడం. రెండు క్వింటాళ్ల పైచిలుకు బరువు, అటూ ఇటూ ఊగుతుంది. బావమరిది ఫ్యాను మీద చేయి వేసి పట్టుకున్నాడు, బావ నేల మీద వెల్లకిలా. మూడోసారి దించినప్పుడు గేర్‌బాక్సు ముందు కొసన ఏదో బిగిసింది. "ఆగాగు బావా, ఎర్త్ పట్టీ!" బండి బాడీకీ గేర్‌బాక్సుకీ మధ్య అల్లిన రాగి పట్టీ, మురికిలో కలిసిపోయి కనిపించలేదు. చాలామంది మరిచిపోయేది ఇదే. ఇదీ, రివర్స్ లైటు తీగా. తొందరపడి దించినవాళ్ల బండ్లలో ఈ రెండూ తెగి ఉంటాయి.

లోపల దొరికినవి

ఫ్యాను వెనక, ఇంజిన్ పైభాగాన కొసకి ఒక చిన్న జాగా ఉంది. నూనె థర్మోస్టాట్ ఓ-రింగు, బ్రీదర్ మూత గ్యాస్కెట్, నూనె ఒత్తిడి స్విచ్చి, మూడూ పక్కపక్కనే. పోర్షే మెకానిక్కులు దానికి 'మృత్యు త్రికోణం' అని పేరు పెట్టారు. ఇంజిన్ బండిలో ఉండగా అక్కడికి చేయి పోవడం గగనం, దించాక పది నిమిషాల పని, సామాను ఖర్చు కాఫీ ఖర్చుకి కాస్త ఎక్కువ. 'ఎలాగూ దించాం కదా' అనే మాట నూటికి నూరుపాళ్లు చెల్లేది ఇక్కడ. నూనె కూలర్ సీళ్లు, ఫ్లైవీల్ వెనక సీలు, గేర్‌బాక్సు ముందు షాఫ్టు సీలు, పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు కూడా ఆ కోవలోవే. అరిగాయా లేదా అని చూడక్కర్లేదు, మార్చేయాలి.

క్లచ్ ప్లేటు చేతిలోకి తీసుకుంటే దాని నడుమ రబ్బరు గట్టిపడి, పెచ్చులు లేస్తోంది. కుదుపు తగ్గించడానికి ఎస్‌సీలో రబ్బరు బొడ్డున్న ప్లేటు వాడారు. వయసు మీద పడ్డాక ఆ రబ్బరు ముక్కలై క్లచ్‌నే పట్టేస్తుంది. దాని బదులు స్ప్రింగులున్న ప్లేటు వేయడం అందరూ ఒప్పుకునే మార్పు.

అంతకన్నా పెద్ద మార్పు చైన్ టెన్షనర్లు. క్యామ్‌లని తిప్పే రెండు చైన్లనీ బిగువుగా ఉంచే హైడ్రాలిక్ పరికరాలివి. పాతవాటిలో నూనె లోపలే మూసి ఉంటుంది, అది కారిపోతే బిగువు పోతుంది, చైన్ పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకి గుద్దుకుంటాయి. ఇంజిన్ అక్కడితో సరి. 1984 మోడల్‌గా వచ్చిన కరెరా 3.2లో పోర్షే వీటికి ఇంజిన్ నూనెనే ఒత్తిడితో అందేలా మార్చింది. ఆ ఏర్పాటు పాత ఇంజిన్లకీ సరిపోతుంది. నా దృష్టిలో ఎస్‌సీకి చేయించాల్సిన మార్పు ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. చేసింది కూడా కంపెనీయే కాబట్టి అసలుతనం పోయిందని ఎవరూ గొణగరు.

గాలి డబ్బా ప్లాస్టిక్‌ది. చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు వెనక్కి పేలితే డబ్బా పగులుతుంది. ఒత్తిడి పెరగ్గానే తెరుచుకునే చిన్న కవాటం ఒకటి అమర్చితే బతికిపోతుంది. డబ్బా బయటే ఉంది కనుక అదీ అయింది. పెట్రోలు రబ్బరు గొట్టాల గురించి మాత్రం బేరం లేదు. కె-జెట్రానిక్‌లో ఇంధనం దాదాపు 5 బార్ల ఒత్తిడితో పరుగెడుతుంది. వంచితే నెర్రెలు కనిపించే గొట్టంలో ఆ ఒత్తిడి, పక్కనే కాలే ఎగ్జాస్ట్. పాత 911లు తగలబడటానికి ఒక కారణం అదే. మిగతావన్నీ వాయిదా వేసినా గొట్టాలు వేయకూడదు.

ఎగ్జాస్ట్ విప్పడం ఓపిక పరీక్ష. నట్లు తుప్పుతో స్టడ్డుతో ఏకమైపోయి ఉంటాయి. బలం చూపిస్తే స్టడ్డు హెడ్‌లోనే విరుగుతుంది. గ్యాస్ టార్చితో నట్టుని ఎర్రబడేదాకా కాల్చి, తుప్పు కరిగే నూనె పట్టించి, పావు చుట్టు విప్పి, సగం బిగించి, మళ్లీ పావు విప్పి... బావమరిదికి ఈ పని అప్పగించలేదు.

హెడ్లు మెషిన్ షాపుకి వెళ్లాయి, గైడ్లు మార్చారు. సిలిండర్ల లోపలి గోడలు మాలే కంపెనీ నికాసిల్ పూతవి. నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన ఆ పూత చాలా గట్టిది, కొలతలు సరిగ్గా వచ్చాయి. కొత్త రింగులు వేసి అవే సిలిండర్లు మళ్లీ ఎక్కించారు. క్రాంక్‌కేస్‌ని రెండుగా విడదీయాలా అనే చర్చ ఒక సాయంత్రం నడిచింది. నూనె ఒత్తిడి బాగుందని ముందే రాసిపెట్టుకున్న కాగితం ఆ చర్చకి తెర దించింది. ఒత్తిడి బాగున్న 3.0 ఇంజిన్ అడుగు భాగాన్ని కెలకడం అనవసరం.

నలుపు రేకులన్నీ విప్పి ఉన్నాయి కదా, పౌడర్ కోటింగ్ చేయిస్తే మెరిసిపోతాయి, బోల్టులకి పసుపు జింకు పూత వేయిస్తే కొత్త బండిలా ఉంటుంది. ఈ ముస్తాబు పనులే అన్నిటికన్నా ప్రమాదం. ఒక్కోటీ చవకే, కానీ ప్రతిదీ ఇంకో షాపు, ఇంకో వరస, ఇంకో మూడు వారాలు. పూతకి పంపిన బోల్టుల సంచిలో రెండు తగ్గి వచ్చాయంటే మళ్లీ వేట. మిత్రుడు రేకుల్ని కడిగి, స్ప్రే డబ్బాతో నల్ల రంగు కొట్టేశాడు. మూత ఎత్తి చూసే పోర్షే ప్యూరిస్టులు పెదవి విరుస్తారేమో, విరవనీ.

పాత టెన్షనర్లు, రబ్బరు క్లచ్ ప్లేటు, విరిగిన స్టడ్డు ముక్కతో సహా అన్నీ ఒక పెట్టెలో పెట్టి పేరు రాశాడు. రేపు బండి కొనేవాడు ఏం మార్చారని అడిగితే బిల్లుల కన్నా ఈ పెట్టె ఎక్కువ మాట్లాడుతుంది.

మళ్లీ ఎక్కించాక

బిగింపులో తొందర పనికిరానిది క్యామ్ టైమింగ్. డయల్ గేజ్ పెట్టి వాల్వు ఎంత లేచిందో మిల్లీమీటరులో వందో వంతు దాకా చూసుకుంటూ రెండు పక్కలా సరిచేయాలి. తర్వాత 12 వాల్వులకీ 0.10 మి.మీ. సందు. ఇంజిన్ బయట స్టాండ్ మీద ఉండగా ఈ పని కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. బండిలోకి ఎక్కాక వెల్లకిలా పడుకుని చేయాలి.

తాళం తిప్పేముందు పెట్రోలు పంపు రిలే తీసేశారు, ప్లగ్గులు విప్పి ఉంచారు, స్టార్టర్‌తో విడతలు విడతలుగా తిప్పారు. ఎండిన బేరింగుల మీద ఇంజిన్ అంటుకోకూడదు. డ్యాష్‌బోర్డులో నూనె ఒత్తిడి ముల్లు కదిలాకే ప్లగ్గులూ రిలే లోపలికి వెళ్లాయి. నాలుగో ప్రయత్నానికి అంటుకుంది. చేతి నూనె, కడిగిన రసాయనాలు ఎగ్జాస్ట్ మీద కాలి గ్యారేజీ అంతా పొగ. పక్కింటాయన తొంగి చూసి వెళ్లాడు. ఇంజిన్ వేడెక్కాక, తిరుగుతుండగానే నూనె కడ్డీ తీసి చూశారు. ఈ కారులో నూనె కొలత చూసేది అలాగే, ఆపి చూస్తే తప్పు చెబుతుంది.

స్మాగ్ టెస్టు పాసయింది. బోర్డు మీద రెండో గడి అలాగే ఉంది: షాకులు, బ్రేకులు, ఏసీ. బావమరిది కింద ఇంకో గడి గీసి '98 మి.మీ.' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. వెయ్యి మైళ్లు తిరిగాక వాల్వ్ సందులు మళ్లీ చూడాలి, ఎగ్జాస్ట్ నట్లు ఇంకోసారి బిగించాలి, నూనె మార్చాలి. వాటిలో దేనికీ ఇంజిన్ దించనక్కర్లేదు.